ఎనిమిదో పేరు

మా కాలేజీలో కొత్తగా చేరిన ఇంగ్లీషు లెక్చరరు ఒకమ్మాయి పోయిన నెల మా ఇంటికి వచ్చింది. సలోమి మేడం బీరువాలో పాత నోట్సు దొరికిందని, అందులో సగం నా చేతిరాత అని స్టాఫు చెప్పారని, దాన్ని వాడుకోవచ్చా అని అడిగింది. వాడుకోమన్నాను. ఒక పేజీ గురించి మాత్రం చెప్పాల్సింది ఉంది, నోటితో చెబితే సరిగా రాదు, రాసి ఇస్తానన్నాను. ఆ రాసింది ఇదే. ఆమె లాగా మా వైపు కాలేజీల్లో చేరబోయేవాళ్లు ఇంకెవరైనా చదివినా నాకు అభ్యంతరం లేదు.

పని ఏమిటంటే

ముప్పై మూడేళ్లు ఇంగ్లీషు చెప్పాను. మొదట ఉదయగిరిలో, తర్వాత ఆత్మకూరులో. ప్రమోషన్ల సంగతి ఇక్కడ అనవసరం.

ఇలాంటి ఊళ్లలో ఇంగ్లీషు లెక్చరరు పని క్లాసులో సగమే. మిగతా సగం బయట. బ్యాంకు నుంచి వచ్చిన కాగితం చదివి చెప్పాలి. దుబాయి పోయేవాడికి దరఖాస్తు రాసి పెట్టాలి. అన్నిటికంటే ఎక్కువగా, ప్రూఫులు చూడాలి. ఆత్మకూరు బస్టాండు పక్కన ఉన్న ప్రెస్సు నుంచి పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, చావు కార్డులు మా ఇంటికి వచ్చేవి. ఇంగ్లీషు ఒక వైపు, తెలుగు ఒక వైపు. ప్రెస్సాయన గుమ్మంలో నిలబడి "సార్, ఒక్క చూపు చూడండి, మిషను ఆపి వచ్చినా" అనేవాడు. ఇన్నేళ్లలో ఆత్మకూరులో ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఆ పని చిన్నదని నేను అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను.

మా ప్రిన్సిపాలు ఒకాయన ఉండేవాడు. క్లాసు బయట వరండాలో నిలబడి వినేవాడు. ఒకసారి నన్ను పిలిచి, "పాఠంలో రచయిత్రి జీవితం అయిదు మార్కులు సార్. ఆయమ్మ అన్నదమ్ములు ఏం చేసినారో మనకెందుకు? ఒక పేజీ రాయించి వదిలేయండి" అన్నాడు. ఆయన మీద అప్పుడు నాకు కోపం. కానీ సీతారామపురం ఆడపిల్లలు చివరి పీరియడ్ వదిలేసి బస్సుకు పరిగెత్తుతున్నారని తెలిసి, డిపోకు నాలుగుసార్లు తిరిగి ఆ బస్సు అరగంట ఆలస్యంగా కదిలేలా టైము మార్పించింది కూడా ఆయనే. ఆ అరగంట లేకపోతే నేను చెప్పబోయే పిల్ల డిగ్రీ పూర్తి చేసేది కాదు. మనుషుల్ని ఒక్క మాటతో తేల్చడం నాకు అప్పుడు తేలిక. ఇప్పుడు కష్టం.

బోర్డు మీద కుటుంబం

సిలబస్సులో ఒక ఇంగ్లీషు నవల ఉండేది. రెండు వందల ఏళ్ల కిందటిది. రాసిన ఆవిడ ఒక పల్లెటూరి పాస్టరు కూతురు. పిల్లలకు ఆ దేశం తెలియదు, ఆ కాలం తెలియదు. అందుకని నేను ముందు ఆ ఇంటిని బోర్డు మీద వేసేవాణ్ణి. తండ్రి, తల్లి, కింద వరసగా పిల్లలు. పెద్దన్న తండ్రి లాగే పాస్టరు అయ్యాడు. ఒకన్నను పిల్లలు లేని ధనిక బంధువులు దత్తత తీసుకున్నారు, ఇంటిపేరే మారిపోయింది. ఇంకొకన్న బ్యాంకు పెట్టి నష్టపోయాడు. ఒక అన్న, ఒక తమ్ముడు చిన్నతనంలోనే ఓడల్లోకి వెళ్లిపోయారు. అక్క ఒకతే. ఇద్దరికీ పెళ్లి కాలేదు. అక్కాచెల్లెళ్లు చివరిదాకా ఒకే గదిలో ఉన్నారు. ఇంట్లో ఫీజు కట్టి చదువుకునే బయటి పిల్లలు కూడా ఉండేవాళ్లు. తిండి, చదువు, గోల అన్నీ ఒకే చోట.

ఇది చెప్పేసరికి క్లాసు కదిలేది. క్రైస్తవ మిషను కాంపౌండులో పెరిగిన పిల్లలైతే మరీ, ఆ ఇంటిని తాము చూసినట్టే ఉండేవాళ్లు.

ఒక ఏడాది కలువాయి నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచాడు.

"సార్, అంతమంది మగపిల్లలుండి ఒక్కడన్నా ఆయమ్మకు సంబంధం చూడలేదా?"

"నువ్వుంటే చూసుంటావులే, కూర్చో."

"నేనుంటే ముందు ఆ నవలలు మాన్పిచ్చుంటా సార్. రాసే అమ్మాయినంటే ఎవురు చేసుకుంటారు?"

ఆడపిల్లల వైపు నుంచి ఎవరో, "ముందు నిన్నెవురు చేసుకుంటారో అది చూసుకోరా" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గదిలో ఫ్యాను తిరిగేది కాదు, కిటికీ తలుపు ఒకటి ఊడిపోయి ఉండేది. ఇప్పటికీ ఇంగ్లీషు పాఠం అంటే నాకు గుర్తొచ్చేది ఆ గదే.

లెక్కపెట్టిన పిల్ల

ఆ నవ్వు ఆగాక మూడో బెంచీలో సలోమి లేచింది. సీతారామపురం పిల్ల. తండ్రి మిషను బడిలో టీచరు. ఎక్కువ మాట్లాడేది కాదు.

"సార్, ఎనిమిది మంది పిల్లలన్నారు. పేర్లు ఏడే ఉండాయి."

బోర్డు వైపు తిరిగి లెక్కపెట్టాను. ఏడే. ఆ నోట్సు నాకు మా లెక్చరరు చెప్పింది. ఆయనకు ఇంకెవరో చెప్పి ఉంటారు. నేను దాన్ని తొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. పై వాక్యంలో ఎనిమిది అని, కింద ఏడు పేర్లు. నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు, నన్నెవరూ అడగలేదు.

"చిన్నప్పుడే చనిపోయుంటాడమ్మా" అన్నాను.

అలా అనడానికి నేను ఆలోచించను కూడా లేదు. మా అమ్మది సంగం. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే, "ఏడుమంది పుట్టినారు, అయిదుమంది మిగిలినారు" అనేది, వేరే మాట మాట్లాడుతూనే. మా వైపు ప్రతి ఇంట్లోనూ పుట్టినవాళ్ల లెక్క వేరు, మిగిలినవాళ్ల లెక్క వేరు. లెక్కలో ఒకరు తగ్గితే మాకు వేరే అర్థం తోచదు.

సలోమి ఇంకా నిలబడే ఉంది. "రాసుకోండి" అన్నాను. "ఒకరు చిన్నతనంలోనే మరణించారు." నలభై మంది రాసుకున్నారు. సలోమి కూర్చుని రాసుకుంది. నేను కూడా నా నోట్సులో, మార్జిన్‌లో రాసుకున్నాను. ఊహగా అన్న మాట కాగితం మీదికి వచ్చేసరికి నిజమైపోయింది. ఆ ఏడాది పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఆ వాక్యం రాసినవాళ్లందరికీ మార్కులు పడ్డాయి.

నాలుగేళ్లు ఆ వాక్యం చెప్పాను.

తిరుపతిలో ఒక మధ్యాహ్నం

నాలుగేళ్ల తర్వాత రిఫ్రెషర్ కోర్సుకు తిరుపతి వెళ్లాను. మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టి లైబ్రరీలో కూర్చున్నాను. ఆ రచయిత్రి జీవిత చరిత్ర ఒకటి లావుపాటిది కనిపించింది. అందులో ఎనిమిదో పేరు ఉంది.

అతను చనిపోలేదు. ఆమెకు రెండో అన్న. చిన్నప్పటినుంచి మూర్ఛలు వచ్చేవి. మాటలు వచ్చినట్టు లేదు. ఇంట్లో పెంచలేక వేరే ఊళ్లో ఒక పనివాళ్ల ఇంట్లో పెట్టారు. తల్లికి కూడా అలాంటి తమ్ముడే ఉంటే, ఇద్దరినీ అక్కడే ఉంచారు. ఖర్చులకు డబ్బు పంపేవాళ్లు. దొరికిన ఉత్తరాల్లో అతని ప్రస్తావన లేదనే చెప్పాలి. తర్వాత రచయిత్రి ఇంటి వాళ్లే ఆమె జీవితం పుస్తకంగా రాసినప్పుడు అతన్ని వదిలేశారు. ఆమె పోయాక ఇరవై ఏళ్లు బతికాడు. డెబ్బై దాటాడు. పోయేటప్పుడు పక్కన ఉన్నది ఆ పనివాళ్ల ఇంటి మనిషి.

పుస్తకం మూసి బయటికి వచ్చాను. నాకు కలిగింది సిగ్గు. అది కూడా పాఠం తప్పు చెప్పానన్న సిగ్గే. ఆత్మకూరు వచ్చి నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను. ఆ ఏడాది క్లాసుకు సరిగా చెప్పాను. దాంతో సరిపోయిందనుకున్నాను.

స్టడీ సర్టిఫికెట్

ఆ తర్వాత కొద్ది నెలలకు సలోమి స్టడీ సర్టిఫికెట్ కోసం కాలేజీకి వచ్చింది. ఎమ్మే అయిపోయింది, పెళ్లి కుదిరింది. చేతిలో కార్డు ప్రూఫు. చూసిపెట్టమని తెచ్చింది. నేను అది పక్కన పెట్టి, శుభవార్త చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పాను: "ఏమమ్మా, ఆ రోజు లెక్కపెట్టావు గుర్తుందా? నువ్వే రైటు. ఆయన చనిపోలేదు. వేరే ఊళ్లో పెట్టి పెంచారు. డెబ్బై ఏళ్లు బతికాడు."

ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను కూర్చోమనలేదు. అంతకు ముందు ఎప్పుడూ నా ఎదుట కూర్చోలేదు.

"సార్, ఆ రోజు నేను లెక్కపెట్టింది మీరు తప్పు చెప్పినారని కాదు."

"మరి?"

"ఆ ఎనిమిదో ఆయన మా అన్న మాదిరి ఎక్కడన్నా ఉండాడేమోనని. మీరు చనిపోయుంటాడన్నారు. ఇంకేం అడగాల?"

అప్పుడు చెప్పింది. వాళ్లూ ఎనిమిది మంది. ఈ పిల్ల ఆఖరుది. మూడోవాడు యోహాను. చెవుడు, మాట రాదు, చిన్నప్పుడు మూర్ఛలు. తండ్రికి బదిలీలు, తల్లికి ఏడాదికొక కాన్పు. అతనికి అయిదేళ్లప్పుడు ఉదయగిరి అవతల ఒక చెరువు పక్క ఊళ్లో చెంచమ్మ అనే ఆమె దగ్గర పెట్టారు. చెరువులో చేపలు పట్టుకుని, కూలికి పోయి బతికే మనిషి. మొదట్లో ఒక ఏడాది కోసమే. తర్వాత పెద్దాడపిల్లకు సంబంధాలు రావడం మొదలైంది. ఇంట్లో ఇలాంటివాడు ఉన్నాడంటే ఎవరూ రారని, వచ్చినవాళ్లకు "ఒకడు చిన్నప్పుడే పోయినాడు" అని చెప్పడం మొదలుపెట్టారు.

"మా నాయన చెడ్డాయన కాదు సార్. నెలకోసారి పోయి చూసొచ్చేవాడు. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకుని ఏడ్చేవాడు. పొద్దున్నే మళ్లీ అదే మాట."

"ఇప్పుడు ఈ సంబంధం వాళ్లకు?"

"చిన్నప్పుడే పోయినాడని నేనే చెప్పినా సార్, నాయన నోరు తెరవకముందే. అంత పెద్ద రచయిత్రి ఇంట్లో గూడా ఒకరు అట్ల పోయినారు గదా, మేం చెప్పుకుంటే ఏంది అనుకున్నా. నోరు తిరిగిపోయింది."

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు వరసగా ఆదివారాలు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పొచ్చని సంఘం ముందు అడుగుతారు. మొదటి ప్రకటన అయిపోయింది. రెండోది వచ్చే ఆదివారం.

"ఇప్పుడు చెప్పమంటారా సార్, వద్దంటారా?"

నేను చెప్పిన జవాబు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "ఇంత దూరం వచ్చాక ఎందుకమ్మా? పెళ్లి కానివ్వు. తర్వాత నిదానంగా చెప్పుకోవచ్చు."

ముప్పై మూడేళ్లలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. బోర్డు మీద చేసిన తప్పు తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. పిల్ల బాగు కోరానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, నా మాట వల్ల ఏదైనా చెడితే అది నా మీదికి వస్తుందని భయపడ్డాను.

"సరే సార్" అని లేచింది. తలుపు దగ్గర ఆగి అడిగింది: "ఇప్పుడొచ్చే పిల్లలకు ఎట్ల చెప్తున్నారు సార్?"

"బతికే ఉన్నాడని చెబుతున్నా."

"మంచిది సార్."

కార్డు ప్రూఫు నా బల్ల మీదే వదిలేసి పోయింది. దాని కోసం మళ్లీ రాలేదు.

శనివారాలు

రెండో ప్రకటన చదవలేదు. సలోమి శుక్రవారం పెళ్లికొడుకు ఇంటికి తనే వెళ్లి చెప్పేసింది. అక్కడి పెద్దవాళ్లు సంబంధం వద్దనుకున్నారు. రెండేళ్ల తర్వాత మా డిపార్ట్‌మెంటులోనే లెక్చరరుగా చేరింది. ఒకరోజు పేపర్లు దిద్దుతూ ఇదంతా ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. బాధగా లేదా అని అడిగాను.

"ఉండాది సార్. కానీ మా అన్న ఎదుట తల దించుకునే పని లేదు."

మళ్లీ సంబంధాలు చూస్తామంటే ఒప్పుకోలేదు. నా మాట వల్ల ఆమె జీవితం ఇలా అయిందని నేను రాయను. అది ఆమె తీసుకున్న నిర్ణయం, నాకు అందులో అంత భాగం లేదు. నాకు దక్కింది మాత్రం ఎదురు బల్ల మీద పద్దెనిమిదేళ్లు ఒక మంచి సహోద్యోగి.

శనివారం మధ్యాహ్నం క్లాసు కాగానే ఆమె ఉదయగిరి బస్సు ఎక్కేది. రెండు బన్నులు, ఒక సబ్బు, చెంచమ్మకు వక్కాకు. యోహానును ఆత్మకూరు తెచ్చి పెట్టుకోవాలని చూసింది గాని, అతను చెరువు వదిలి రెండు రోజులు ఉండలేకపోయాడు. అందుకని తనే పోయేది. కొన్నిసార్లు నేనూ వెళ్లేవాణ్ణి. బస్సు కిటికీలో కొండ కనిపించడం మొదలవగానే ఆమె చెప్పులు సరిచేసుకునేది, ఇంకా అరగంట ఉన్నా సరే.

మొదటిసారి నేను క్లాసు నుంచి నేరుగా వెళ్లాను. చేతులకు సుద్దముక్క సున్నం. యోహాను వల బాగుచేస్తూ నా చేతులు చూసి, తన రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి దులిపాడు. అదే నా పేరు. చెంచమ్మకు వల విసిరినట్టు మణికట్టు తిప్పేవాడు. సలోమి లెక్చరరు అయ్యాక ఆమెకూ సున్నమే. కాకపోతే దులిపాక మెడ వెనక జడ ఉండే చోటు తాకేవాడు.

నాకు అతని సైగలు సగం అర్థమయ్యేవి కావు. చెంచమ్మ ఊరుకునేది కాదు.

"ఏంది సారూ, సముద్రం అవతలోళ్ల మాట నేర్చినావంట. చెరువు కట్ట మీదోడి మాట రాదే నీకు?"

"నేర్పించవ్వా, నేర్చుకుంటా."

"నీకు నేర్పిచ్చే టయానికి నాలుగు చేపలు పట్టుకుంటా."

సలోమి నవ్వేది. అన్న పక్కన కింద కూర్చుని బన్ను తుంచి ఇచ్చేది. అంతకంటే ఆ సాయంత్రాల్లో జరిగిందేమీ లేదు. నాకు గుర్తున్న మంచి రోజులు అవే.

నేను రిటైరవబోయే ముందు ఒకరోజు వరండాలో వెళ్తూ ఆమె క్లాసు విన్నాను. రచయిత్రి జీవితం చెబుతోంది. పుట్టిన వరసలో ఎనిమిది పేర్లు చెప్పింది. రెండో పేరు దగ్గర ఆగి, "ఈయనకు మాటలు రావు. ఇంటికి దూరంగా పెరిగినాడు. డెబ్బై దాటి బతికినాడు. రాసుకోండి" అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఇంతకీ అమ్మా, నీకు దొరికిన నోట్సులో ఆ పేజీలో ఒక వాక్యం కొట్టేసి ఉంటుంది. కొట్టేసింది నేను. పైన ఆ పేరు రాసింది సలోమి. నువ్వు కూడా పేర్లు వరసలోనే చెప్పు. ఏ పిల్లయినా లేచి నీకు తెలియనిది అడిగితే, తెలియదని చెప్పు. ఆ పిల్ల ఎందుకు అడుగుతోందో నీకు తెలియదు.

చివరి ప్రూఫు

సలోమి పోయిన ఏడాది వానాకాలంలో పోయింది. రెండు నెలల జబ్బు. యాభై కూడా నిండలేదు.

పోయినవాళ్ల కోసం చర్చిలో జరిపే ఆదరణ కూడికకు కార్డు వేస్తూ ప్రెస్సాయన అలవాటుగా ప్రూఫు నాకు తెచ్చాడు. ఈసారి తొందరపెట్టలేదు. ఫొటో, బైబిలు వాక్యం, కింద "ఇట్లు, అన్నలు, అక్కలు" అని పేర్లు. ముందు పేర్లు లెక్కపెట్టాను. ఆరు.

పెద్దన్న ప్రకాశం నెల్లూరులో ఉంటాడు. ఫోను చేశాను.

"ప్రకాశం గారూ, పేర్లు ఆరే ఉన్నాయి."

"ఆరేంది సార్, సరిగ్గానే ఉండాయే. ఎనిమిది మందిమి, సలోమి పోతే..." ఆగిపోయాడు.

నేను ప్రూఫులో ఆయన పేరు కింద వేలు పెట్టి ఉన్నాను.

"సార్, ఆ కార్డు మా వియ్యంకులు గూడా చూస్తారు. వాళ్లకు మేం ఎప్పుడో చెప్పినాం, చిన్నప్పుడే పోయినాడని."

"ఆ మాట నేను కూడా చెప్పానండీ. మీ చెల్లెలు క్లాసులో లేచి అడిగితే చెప్పాను." ఆ రోజు సంగతి చెప్పాను. స్టడీ సర్టిఫికెట్ రోజు నేనిచ్చిన సలహా కూడా చెప్పాను. అది అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

అంతా విని, "వాడికేం తెలస్తాది సార్, పేరుంటే ఏంది, లేకుంటే ఏంది?" అన్నాడు.

"అది అతని కార్డు కాదు ప్రకాశం గారూ. సలోమిది."

నేను పెన్ను మూత తీశాను.

"రాయండి సార్."

"ఎక్కడ రాయమంటారు?"

"వరస మీకు తెలుసు గదా. పెద్దక్క, నేను, వాడు. నా పేరు కింద రాయండి. నా తర్వాత వాడే."

కూడిక రోజు చెంచమ్మ యోహానును తీసుకొచ్చింది. తలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కా వేసింది. ప్రకాశం లేచి వచ్చి, అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అన్నదమ్ముల వరసలో తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. వియ్యంకులు చూశారు.

ప్రార్థన అయ్యాక కార్డు యోహాను చేతికిచ్చాను. పేరు చదవలేడు. ఫొటో చూశాడు. నా వైపు తిరిగి చేతులు దులిపి, మెడ వెనక తాకి, అరచెయ్యి చాపాడు. ఎక్కడుంది అని.

"చెప్పు సారూ" అంది చెంచమ్మ. "నువ్వే గదా సదువుకున్నోడివి."

ఎన్నడూ చూడని మనిషి చనిపోయుంటాడని ఒకప్పుడు నలభై మంది ఎదుట చెప్పాను. దానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. ఈ మనిషికి ఈ మాట చెప్పడానికి నా చేతులు లేవలేదు. చివరికి చెంచమ్మే అతని చెయ్యి తీసుకుని, అరచెయ్యి కిందికి తిప్పి, వంగి నేలకు ఆనించింది. ఆమె మొగుడు పోయినప్పుడు కూడా అలాగే చెప్పిందట. యోహాను ఆ చెయ్యి అలాగే నేల మీద ఉంచి చాలాసేపు వంగి ఉన్నాడు. ప్రకాశం అతని వీపు మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు శనివారాలు ఉదయగిరి బస్సుకు నేను వెళ్తున్నాను. రెండు బన్నులు, ఒక సబ్బు, వక్కాకు. నెలకోసారి ప్రకాశం కూడా నెల్లూరు నుంచి వస్తున్నాడు. నా చేతులకు సున్నం అంటి ఎన్నో ఏళ్లయింది. అయినా కట్ట మీద నన్ను చూడగానే యోహాను వల పక్కన పెట్టి అరచేతులు దులుపుతాడు. మొదటి కొన్ని వారాలు, దులిపాక నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, మెడ వెనక తాకేవాడు. ఇప్పుడు తాకడం లేదు.